తీగ ఎత్తెంత?

"జర పక్కకు జరగండి మేడం, లారొస్తుంది" అన్నాడు శ్యాంసుందర్.

లెక్కల టీచరు మమతారాణి ఒక అడుగు పక్కకు వేసి, మళ్ళీ కోణమానిని అంచు వెంబడి కరెంటు తీగను చూసింది. కోణమానినికి రాయి కట్టి వేలాడేసిన దారం గాలికి ఊగుతోంది. సాయంత్రం వినాయకుడి ట్రాలీ నిమజ్జనానికి పోవాల్సింది హుజూరాబాద్‌లోని ఈ గల్లీ మలుపులోంచే. ఈసారి విగ్రహం నిరుటి కంటే పెద్దది.

మండపం పెద్ద శ్యాంసుందరే. విగ్రహం తీగకు తగులుతుందని తేలితే తప్ప కరెంటు బంద్ చేయించనని తెగేసి చెప్పాడు. గల్లీ చీకటైతే ఊరేగింపు కళ తప్పుతుందట. అతని ధ్యాసంతా ఆ కళ మీదే.

మమతారాణి భయం వేరు. ఏటా ట్రాలీ మీద నిలబడి వెదురుకట్టెతో తీగలు పైకెత్తేది ఆమె భర్త ఓంప్రకాశ్. నిరుడు పక్క ఊళ్ళో ఒకతను అట్లా ఎత్తబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈసారి ఎక్కొద్దని ఆమె ఎంత బతిమాలినా, దేవుని పని చేసేటోనికి ఏం కాదని ఓంప్రకాశ్ నవ్వి కొట్టిపారేశాడు. పైగా మబ్బు పట్టింది. వెదురు తడిస్తే షాక్ కొడుతుంది.

దారం నలభై ఐదు డిగ్రీలు చూపేదాకా ఆమె వెనక్కి నడిచింది. అక్కడి నుంచి తీగ కిందికి ఎంత దూరమో, ఆమె కంటికి పైన తీగ అంత ఎత్తు. ఆ దూరం టేపుతో కొలిచి, తన కంటి ఎత్తు కలిపింది. అందులోంచి ట్రాలీతో సహా విగ్రహం ఎత్తు తీసేసింది. నమ్మకం చాలక మళ్ళీ వేసింది.

"ఏం తేలింది మేడం?"

"తగుల్తది. కరెంటు బంద్ చేయించుండ్రి."

ఆమె లెక్క తప్పడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. శ్యాంసుందర్ వెంటనే లైన్‌మన్ అంజన్నకు ఫోన్ చేశాడు.

సాయంత్రం జల్లు మొదలైంది. కరెంటు పోయింది. డప్పుల మధ్య ట్రాలీ మలుపు తిరిగింది. అలవాటు కొద్దీ ఓంప్రకాశ్ కట్టె పైకెత్తబోయాడు. కాలు జారింది. తడిసి నీళ్ళోడుతున్న వెదురు పోయి తీగ మీద పడింది. మమతారాణి కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి అతను ట్రాలీ అంచు పట్టుకుని లేస్తున్నాడు.

విగ్రహం మాత్రం తీగను తాకనే లేదు. దర్జాగా కింది నుంచి వెళ్ళిపోయింది.

"తగుల్తదంటివి గదనే మమతా, మనిషి పట్టెంత సందున్నది" అని ఓంప్రకాశ్ పైనుంచి నవ్వాడు. పదో తరగతి పిల్లలకు గూడ గిట్లనే చెప్తున్నరా అని శ్యాంసుందర్ దెప్పాడు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

మమతారాణి కొంగుతో ముఖం తుడుచుకుని, ఎక్కడో లెక్క తప్పిందని అందరి ముందూ ఒప్పుకుంది.

లెక్క ఆమెకు సరిగ్గానే వచ్చింది.