కడుగునీళ్ల గుంట

"అవ్వా! ఏం చేస్తానవ్ అక్కడ?"

ఇర్షాద్ కేకకు ముసలామె తలెత్తి చూసింది. చేతిలోని తుమ్మకంపను గుంట గట్టు మీద వేసి, కాలితో అదిమి, ఇంకో కంప కోసం వంగింది.

"నిన్నే! చెవుడా?"

"వినపడ్తాంది బిడ్డా. అరవకు."

స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే ఆ ఇసుక ప్లాంటు. క్వారీలో రాయిని పొడిచేసి తీసిన ఇసుకను అక్కడ కడుగుతారు. దుమ్ము పోకపోతే సిమెంటు పట్టదు. కడిగిన ఇసుక ఒకవైపు కుప్ప పడుతుంది. బూడిదరంగు నీళ్లు పైపులోంచి వెనకున్న పెద్ద గుంటలోకి పోతాయి.

కడిగే మిషన్ నడిపేది ఇర్షాద్. ఊరు నెక్కొండ. వచ్చి మూడు నెలలైంది. ప్లాంటు పక్కనే రేకుల గదిలో ఒక్కడే ఉంటాడు. మిషన్ తిరుగుతుంటే తన మాట తనకే వినపడదు. అది ఆగితే మాట్లాడే మనిషి ఉండడు. ఇసుక ఎత్తిపోసే లోడర్ నడిపే భరత్ కూడా కొత్తవాడే. ఐదు కాగానే బండెక్కి హన్మకొండ వెళ్లిపోతాడు.

"తోడు ఎవరన్న ఉన్నరారా?" అని ఫోన్లో అక్క షహనాజ్ అడిగేది.

"మిషనుంది" అనేవాడు.

ముసలామె పేరు కట్టమ్మ. పక్క ఊరే. పొద్దున మిషన్ మొదలయ్యే వేళకు వచ్చేది. కొంగు నెత్తిన కప్పుకొని గట్టు మీద కూర్చునేది. మిషన్ ఆగాకే లేచి పోయేది.

"ఇనుప ముక్కలకు వస్తాందేమో అన్నా. జర కన్నేసి ఉంచు" అన్నాడు భరత్.

ఇర్షాద్ కన్నేసే ఉంచాడు. ఆమె ఏదీ ముట్టుకునేది కాదు. అదే అతనికి ఇంకా అనుమానంగా ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం అతను అన్నం డబ్బా కడుక్కుంటుంటే గట్టు మీది నుంచే అడిగింది.

"తిన్నవా కొడుకా?"

ఆ మాట అతన్ని ఎవరూ అడగక చాలా రోజులైంది. వినపడనట్టు మిషన్ వైపు నడిచాడు.

ఆ వారమే యజమాని భాస్కర్ వచ్చాడు. కారు దిగీ దిగకముందే గట్టు మీద మనిషిని చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఈ కంపలేంది? బురద తోడనీకి ట్రాక్టర్లు ఎట్లొస్తయ్? ఆమెను ఇటు దిక్కు రానియ్యకు. రానిస్తే నువ్వు గూడ ఆమెతోనే పోవాలె."

ఇర్షాద్ కంపలన్నీ ఒకచోటికి లాగి నిప్పు పెట్టాడు.

మర్నాడు కట్టమ్మ ఇంకో మోపు కంప నెత్తిన పెట్టుకొని వచ్చింది. చేతుల నిండా ముళ్ల గీతలు.

ఇర్షాద్ ఆ మోపు లాక్కున్నాడు.

"దండం పెడ్త అవ్వా. నా నౌకరీ పోతది. ఇంక రాకు."

"పోత బిడ్డా. నువ్వైతే అటు పోకు. పైన గట్టిగ కనపడ్తది గని, అంత జావనే."

"నాకు తెల్వదా? మిషన్ నడిపేది నువ్వా, నేనా?"

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు సర్దుకొని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

మొదటి రెండు రోజులు ఇర్షాద్‌కు హాయిగానే ఉంది. ఆ తర్వాత, మిషన్ మొదలుపెట్టగానే చూపు తనంతట తనే గట్టు మీదికి పోయేది. ఉత్త గట్టు. తిట్టుకుందామన్నా మనిషి లేదు.

మూడు వారాలకు పైపు మూతి పూడుకుపోయింది. నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి. గుంట పైభాగం ఎండి, పలకలు పలకలుగా పగిలి, గచ్చులాగే ఉంది. పైపు రెండడుగుల దూరమే.

ఇర్షాద్ గడ్డపార పట్టుకొని దిగాడు.

మొదటి అడుగు ఆగింది. రెండో అడుగు ఆగలేదు.

మోకాళ్లు. నడుము. కదిలినకొద్దీ లోపలికి లాగుతోంది. అరిచాడు. ఆ అరుపు మిషన్ మోతలో కలిసిపోయింది.

ఇసుక కుప్ప దగ్గర లోడర్ వెనక్కి తిప్పుతున్న భరత్ కళ్ల పడ్డాడు కాబట్టి బతికాడు. ఛాతీ దాకా మునిగినవాడి ముందు లోడర్ బకెట్ దించి, మెల్లగా పైకి లాగాడు భరత్.

గట్టు మీద పడి ఇద్దరూ రొప్పుతున్నారు.

"ఆ కంపలుంటే నువ్వు అటు దిగెటోనివా అన్నా?" అన్నాడు భరత్.



మర్నాడు పొద్దున్నే ఇర్షాద్ దారి అడుగుతూ కట్టమ్మ ఊరు వెళ్లాడు. ఆమె ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద ఒకామె చింతపండు గింజలు తీస్తోంది. పేరు మొగిలమ్మ.

"కట్టమ్మనా? పోయి పదకొండు దినాలాయె బిడ్డా. జరమొచ్చింది. దవాఖానకు తోలుకపోయినం. రెండొద్దులు గూడ ఉండలే."

ఇర్షాద్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

"నేనే వెళ్లగొట్టిన అమ్మా ఆమెను. ప్లాంటు కాడినుంచి."

మొగిలమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఇర్షాద్ అంటే నువ్వేనా?"

"నా పేరు ఆమెకెట్ల తెల్సు?"

"అందరిని అడిగి తెల్సుకున్నది. ఎండల గంత దూరం ఏమిటికి పోతానవే అని మేం తిడ్తుంటిమి. 'ఆడ ఒక్క పిలగాడుంటాండు. చెప్పెటోళ్లు లేరు, చూసెటోళ్లు లేరు. గుంట దిక్కు పోకుంట చూస్తాన' అనేది."



"నా కోసమా? నేనామెకు ఏమైత?"

మొగిలమ్మ తాళం వేసిన తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పింది.

"నీకంటె ముందు ఆ మిషన్ నడిపింది ఆమె కొడుకే బిడ్డా, పోయిన వానకాలం ఆ గుంటల్నే పాయె."