జింకలు ముట్టని ఆకు

దేవదారు చెట్ల నీడలో ఎవరో మోకాళ్ల మీద కూర్చుని మొక్కలు పీకుతున్నారు.

షిజునో చేతిలో బకెట్టు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

ఇంటి వెనక ఆ నీడపట్టు ముప్పై ఏళ్లుగా ఆమె ప్రాణం. ఎండ సోకని ఆ నేలంతా గిబోషి మొక్కలే. నీలి ఆకులవి, పసుపు అంచులవి, తెల్ల చారలవి. మంచు కరగ్గానే వాటి లేత మొలకలు కోసి వండుకోవడం ఆ కొండ ఊళ్లో అందరికీ అలవాటు.

నిరుడు తెల్ల చారల మొక్కలు మూడు ఎవరో ఎత్తుకుపోయారు.

"దొరికావురా దొంగా!"

అతను లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. మాసిన గడ్డం, వీపున వెదురు బుట్ట.

"దొంగను కాదమ్మా. ఇదొక్కటే తీశాను. ఇది గిబోషి కాదు."

అతని చేతిలో ఏపుగా ఎదిగిన పచ్చటి మొక్క. నిరుడు వేసవిలో కొండమీది చిత్తడి నేల నుంచి షిజునోయే తెచ్చి నాటుకుంది.

"ముప్పై ఏళ్లుగా పెంచుతున్నదాన్ని. నాకే చెప్పొచ్చావా?"

"ఆకు చూడండి. గిబోషికి కాడ ఉంటుంది, నడిమి ఈనె ఉంటుంది. దీనికి కాడ లేదు, ఆకంతా మడతలే. విషం, అమ్మా. ఉడికించినా పోదు. చుట్టూ మొలకలన్నీ జింకలు కొరికాయి, చూశారా? దీన్ని మాత్రం ముట్టలేదు."

నిజమే. ఆమె వంగి చుట్టూ ఉన్న మొలకలు తడిమి చూసింది.

అంతలో పక్కింటి కన్‌జో కంచె మీంచి నవ్వాడు.

"వదినా, ఈ రోజుల్లో దొంగలు వైద్యం కూడా చెబుతున్నారే! అడవి రకం కదా, పట్నంలో దానికోసం ఎగబడతారు మరి."

షిజునోకి పౌరుషం వచ్చింది. మొక్కను లాక్కుంది.

అతను తడి నేల మీద సాగిలపడి నుదురు ఆనించాడు.

"పారేయండి, అమ్ముకోండి, కావాలంటే నన్ను కొట్టండి. వండకండి మాత్రం."

"పోతావా, పోలీసును పిలవమంటావా?"

అతను వెళ్లిపోయాడు. పీడ మళ్లీ రాకుండా, వెళ్లిన దారి వెంట ఆమె గుప్పెడు ఉప్పు చల్లింది.

వేళ్లు తెగిన మొక్క, నాటినా బతకదు. పారేద్దామనుకుంది. పారేస్తే ఆ దొంగ మాట నెగ్గినట్టే.

మధ్యాహ్నం ఆ ఆకులు ఉడికించి, మిసో అనే సోయా ముద్ద కలిపి, భర్త ఎయికిచి ముందు పెట్టింది. పంటి సలుపుతో తను గంజి మాత్రం తాగింది.

"ఏమేవ్, ఈసారి కాస్త చేదుగా ఉందే?"

"అడవిది కదా. తినండి."

ఆయన గిన్నె ఊడ్చేశాడు.

అరగంటకు పెదాలు మొద్దుబారుతున్నాయన్నాడు. ఆ తర్వాత వాంతులు. అంబులెన్సు కొండ దిగేసరికి నాడి అందడం లేదు.

పొద్దు గూకేలోపే ఆయన పోయాడు.

మూడో రోజున పోలీసు వచ్చి జరిగిందంతా రాసుకున్నాడు. షిజునో తల ఎత్తలేదు.

"బాబూ, ఆ బుట్ట మనిషిని వెతికిపెట్టు. కాళ్ల మీద పడాలి."

"హిసామత్సు గారినా? కష్టమమ్మా. మంచు కరిగిన రోజు నుంచి లోయలన్నీ కాలినడకన తిరుగుతుంటాడు. ఏ పెరట్లో ఆ మొక్క కనబడినా పీకేస్తాడు. దొంగ వచ్చాడని ఏటా నాలుగైదు ఫిర్యాదులు మా దగ్గరికే వస్తాయి."

"ఊరూరా తిట్లు తింటూ... ఆయనకెందుకు ఇదంతా?"

పోలీసు కలానికి మూత పెట్టాడు.

"వేడినీటి బుగ్గల దగ్గర సత్రంలో పెద్ద వంటవాడిగా ఉండేవాడమ్మా ఆయన. పన్నెండేళ్ల కిందట ఒక సెలవు రోజున తనే కొండెక్కి, గిబోషి అనుకుని ఆకు కోసుకొచ్చాడు. తనే వండాడు. ముందు భార్యకీ ఇద్దరు పిల్లలకీ వడ్డించి, వాళ్లు తిన్నాక తను తిందామని ఆగాడు."