బెలూనెక్కి చూసినవాడు

బెలూను బుట్ట నేలను వదిలిందో లేదో, ఓరిన్ కళ్ళు గట్టిగా మూసుకుని అడుగున చతికిలబడ్డాడు. నిచ్చెన ఎక్కితేనే కాళ్ళు వణికే మనిషి. అలాంటివాణ్ణి వెయ్యి అడుగుల ఎత్తుకి పంపుతున్నారు, అదీ ఒంటరిగా. కింద మోకులు పట్టుకున్న నలభైమందీ, దేవుడు కనిపిస్తే తమ సంగతి కూడా అడగమని ఆటపట్టిస్తున్నారు. ఆ మోకులు తెగితే గాలి అతణ్ణి తిన్నగా తీసుకెళ్ళి దక్షిణాదివాళ్ళ మధ్య పడేస్తుంది. అమెరికా అంతర్యుద్ధం సాగుతున్న ఆ ఏడాది, వర్జీనియాలో ఉత్తరాది సిపాయికి అంతకన్నా చెడ్డచోటు లేదు.

పని చిన్నదే. నది అవతలి గుట్ట మీద శత్రువుల ఫిరంగులున్నాయేమో చూసి, బుట్టలోని తంతి యంత్రంతో కిందికి చెప్పాలి; గుట్ట ఖాళీ అని కబురొస్తేనే దాడి. తంతి కొట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. చూడటమే చేతకాలేదు. రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ బుట్ట ఒరిగింది, మళ్ళీ చతికిలబడ్డాడు.

ఇంతలో యంత్రం టకటకలాడింది. కింద నుంచి కర్నల్ విట్‌కమ్ అడుగుతున్నాడు.

"గుట్ట ఖాళీయేనా?"

ఓరిన్ కళ్ళు తెరవకుండానే వేళ్ళు ఆడించాడు. "ఖాళీయే."

"ఫిరంగులు లేవుగా?"

"లేవు సార్. దింపేయండి."

నేల తగిలాక గాని కళ్ళు తెరవలేదు. ఎదురుగా తమ్ముడు సైలస్ తుపాకీకి కత్తి బిగించుకుంటున్నాడు. వాళ్ళ పటాలం అరగంటలో ఆ గుట్ట మీదికే వెళుతోందట.

"నువ్వే చూసి చెప్పావటగా అన్నయ్యా, ఇంక భయమేముంది," అని నవ్వాడు సైలస్. "మేం చీమల్లా కనిపించామా?"

నిజం చెబితే తనని చెట్టుకి కట్టి కాల్చేస్తారు. చెప్పకపోతే తమ్ముడు పోతాడు. ఇంకేమీ ఆలోచించకుండా ఓరిన్ పరిగెత్తాడు.

డేరాలో కర్నల్ ఒక్కడే ఉన్నాడు. పొద్దుగూకేలోగా గుట్ట స్వాధీనం చేసుకుంటానని పైవాళ్ళకి మాటిచ్చిన మనిషి. అప్పటికే నున్నగా గడ్డం గీసుకుని కొత్త కోటు తొడుక్కున్నాడు.

"దాడి ఆపించండి సార్. నేనేమీ చూళ్ళేదు. పైనున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నా. ఎత్తంటే నాకు చచ్చేంత భయం."

కర్నల్ గడియారం చూసుకున్నాడు. బయట బాకా మోగింది.

"తెలుసయ్యా," అన్నాడు నెమ్మదిగా. "పొద్దున కళ్ళు తెరుచుకుని చూసొచ్చినవాడు పదహారు ఫిరంగులు లెక్కపెట్టాడు. అందుకే నిన్ను పంపించా."