ఆదివారం పడవ

చర్చి గంట మోగుతుండగా సరస్సు మీద పడవ కనిపించింది.

ఆర్డ్‌వెగ్‌ ఊళ్ళో ఆదివారం దేవుడి రోజు, ఏ పనీ చేయకూడదు; ఉతికిన బట్ట కూడా తీగ మీద ఆరేయరు. వలలన్నీ శనివారం సాయంత్రానికే ఒడ్డెక్కాలి. కోడిపుంజును సైతం బుట్ట కింద మూసే ముసలమ్మలున్న ఊరది. అలాంటి ఊళ్ళో పడవా!

"నీ పెరటింట్లో అద్దెకున్న మహానుభావుడే," అన్నాడు డోలీనా బావగారు ఫర్కర్. ఆయన చర్చి పెద్ద. "చేపలు పట్టడానికి ఆరు రోజులు చాలలేదు కాబోలు."

డోలీనాకు తల కొట్టేసినట్టయింది.

ఆ క్లెమెంట్ ఆకురాలే కాలంలో వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఏ ఊరో తెలియదు. అడక్కుండానే ఆమె కంచె బాగుచేశాడు, పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే పీట్ మట్టిగడ్డలు మోసుకొచ్చి పేర్చాడు. మంచివాడే అనుకుంది పాపం.

ఆ సరస్సులోనే ఆమె భర్త ఐవర్ ఉన్నాడు. రెండేళ్ళ కిందట, పడవ తిరగబడిన పరాయివాణ్ణెవణ్ణో ఒడ్డుకు చేర్చి, తాను మునిగిపోయాడు. శవం దొరకలేదు. శ్మశానంలో రాయి మీద పేరుంది, కింద మనిషి లేడు. ఆయన మీద పిడికెడు మట్టి వేసే భాగ్యమైనా లేదే అని డోలీనా ఏడవని రోజు లేదు. బతికినవాణ్ణి హెలికాప్టర్లో ఆసుపత్రికి తీసుకుపోయారు. వాడి మొహం ఆమె చూడనే లేదు. వాడూ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు, కృతఘ్నుడు.

ఫర్కర్ మొదట క్లెమెంట్‌కు మెత్తగా చెప్పాడు, తర్వాత బెదిరించాడు. చలికాలం గడిచేసరికి దుకాణంలో అతనికి రొట్టె అమ్మడం కూడా మానేశారు. అతను మాత్రం ఆరు రోజులు వడ్రంగం చేసుకోవడం, ఏడో రోజు పడవెక్కి నీళ్ళలోకి తాడు వదలడం మానలేదు.

చివరికి ఒక శనివారం డోలీనాయే అతని గడప తొక్కింది.

"చేపల కోసం కాదమ్మా," అన్నాడు.

"మరి దేనికి?"

అతను చేతిలోని ఉలి బల్ల మీద పెట్టాడు. "ఇంకొక్క ఆదివారం. ఆ తర్వాత నేనే చెబుతాను."

అంత ఓపిక ఆమెకు లేకపోయింది.

"నా మొగుడు ఆ నీళ్ళలో ఉన్నాడు. దేవుడి రోజున ఆయన తల మీద పడవ నడుపుతావా? నిన్ను ఒక తల్లే కన్నదా? రేపటికి ఊళ్ళో కనిపించకు."

మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. పీడ విరగడైందని ఊరు ఊపిరి పీల్చుకుంది.

సోమవారం డోలీనా ఆ పెరటిల్లు ఊడవడానికి వెళితే బల్ల మీద పెద్ద కాగితం. సరస్సు బొమ్మ. గళ్ళు గళ్ళుగా గీసి, ఒక్కో గడిలో తేదీ రాసి, కొట్టేశాడు. అన్నీ ఆదివారాలే. నల్లబండ దగ్గరి గడి ఒక్కటే మిగిలింది. పక్కన ఇనప కొక్కేలు కట్టిన తాడు.

ఆమె పిలిస్తే వచ్చిన ఫర్కర్ గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కో తేదీ చదివాడు.

"ఐవర్‌ను వెతికాడు. ఆదివారం తప్పితే మన వలలు నీళ్ళలోనే ఉంటాయి కదా డోలీనా. మిగతా రోజుల్లో ఈ కొక్కేలు వేస్తే వలలు చిరిగిపోవూ?" అన్నాడు.

ఆ పూటే వలలు తీయించి వెతికించాడు. మర్నాటికి నల్లబండ కింద ఐవర్ దొరికాడు. డోలీనా తన చేత్తో మట్టి వేసి, కరువుతీరా ఏడ్చింది. క్లెమెంట్‌కు కబురు పంపుదామంటే చిరునామా లేదు. ఎవరడిగారు గనక?

పెరటింట్లో క్లెమెంట్ పక్కబట్టలు తీస్తుంటే దిండు కింద నీలం ఉన్ని చొక్కా చేతికి తగిలింది. అల్లిక తనది. మోచేతి దగ్గర అతుకు కూడా తనదే. ఆ రోజు నీళ్ళలోకి దూకేముందు ఐవర్ విప్పి ఒడ్డున పడేశాడు. చలికి వణుకుతున్న పరాయివాడికి ఎవరో దాన్నే తొడిగి ఆసుపత్రికి పంపారని ఆమె అప్పట్లోనే విన్నది.

తన మొగుడు ప్రాణమిచ్చి బతికించినవాణ్ణే ఆమె ఊళ్ళోంచి వెళ్ళగొట్టింది.