మీ నాన్న కాగితం పూలు

అమ్మడూ,

నీ నడుం నొప్పి తగ్గిందా? అల్లుడుగారి దగ్గు ఎలా ఉంది? మనవరాలు పరీక్షలంటూ తిండి మానేయడం లేదు కదా? నా మోకాళ్ళ సంగతి అడక్కు.

మీ నాన్న పొద్దున లేస్తూనే బల్ల దగ్గర కూర్చుని నీ పెళ్ళికి కాగితం పూలు మడుస్తున్నారు. "ఇంట్లో పెళ్ళి పెట్టుకుని చేతులు ముడుచుకు కూర్చుంటావేమే? ఇంకా కాగితాలు తే!" అని నామీద కేకలు. లేవంటే కంగారుపడిపోతారు. అందుకే ఆయన కునుకు తీసే వేళ మడిచినవన్నీ విప్పి, పరుపు కింద పెట్టి సాపు చేసి, మళ్ళీ ఆయనకే ఇస్తున్నాను. అవి మడతల దగ్గర చిరుగుతున్నాయి. నాకదే బెంగ.

పోయినసారి నువ్వొచ్చి పక్కన కూర్చుంటే, "మీరు మగపెళ్ళివారి తాలూకా అమ్మా? మా అమ్మాయి ఇంకా రాలేదు" అన్నారు. నువ్వు వంటింట్లోకొచ్చి ఏడ్చావు.

ఈసారి మనవరాలిని తీసుకురా. దానిది పెళ్ళినాటి నీ మొహమే. ముందు దాన్నే లోపలికి పంపు. తాతయ్యా అనొద్దను, "నాన్నా" అని పిలవమను. ఆయన ఏమంటారో నువ్వు గుమ్మం బయట నిలబడి విందువుగాని.

పన్నెండో తారీఖు, ఆదివారం. ఎదురుచూస్తుంటాం.

అమ్మ