కాళ్ల మాట

బట్టల ఫ్యాక్టరీ కుట్టు హాల్లో మంటలు లేచి ముగ్గురు పోయిన రెండు నెలలకు, మిగిలినవాళ్ల మీద కంపెనీకి జాలి పుట్టుకొచ్చింది. ఒంట్లో దాగిన భయాన్ని వదిలించే థెరపిస్టును పిలిపించింది, అదీ భోజనం గంటలోనే.

కాలర్లు కుట్టే అక్క నేల మీద పడుకుని, చెప్పినట్టే ఒళ్లు వదులు చేసింది. కాళ్లు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

"ఆపకండమ్మా. కాళ్లు ఏం చేయమంటున్నాయి?" అని అడిగింది థెరపిస్టు.

"పరిగెత్తమంటున్నాయి మేడమ్."

"అయితే వాటి మాట వినండి."

అక్క లేచి తలుపు దాకా పరిగెత్తింది. ఎంత లాగినా తలుపు తెరుచుకోలేదు.

"బయట తాళం వేయించానండీ, మధ్యలో ఎవరూ జారుకోకుండా. ఇక్కడ రోజూ ఉండేదే," అన్నాడు మేనేజరు కుర్చీలోంచి కదలకుండా.

థెరపిస్టు అతని వైపు తిరిగింది. "మంటలు లేచిన రోజు కూడానా?"

"ఆ రోజు కూడా," అంది అక్క. "మా సారు చాలా పద్ధతైన మనిషి మేడమ్."