ఎర్రమూత సీసా

మా అత్తగారు ఫ్రిజ్‌లోంచి రెండు పాలసీసాలూ తీసి కిటికీ వెలుగులో పట్టి చూశారు. నీలం మూతది నాది. ఎర్రమూతది ఆవిడ కూతురిది. ఇద్దరమూ చంటిపిల్లల తల్లులమే; పిండి దాచిన మా పాలే అవి.

"నీ పాలు ఉత్త నీళ్ళు. ఎంత తింటే మాత్రం ఏం లాభం, మీ వంశమే అంత! మా అమ్మాయివి చూడు, మీగడ ఎంత మందాన కట్టిందో. ఇకమీదట నీ పిల్లకీ ఇవే పడదాం," అంటూ నా సీసా సింకులో వంచబోయారు.

చెయ్యి పట్టుకుని ఆపాను.

"అత్తయ్యా, ఆసుపత్రి ల్యాబ్‌లో నేను రోజూ పరీక్షించేది తల్లుల పాలే. తిండిని బట్టి కొంత, వంశాన్ని బట్టి కొంత తేడా ఉంటుంది, కాదనను. కానీ ఏ తల్లికైనా మొదట వచ్చేవి పల్చగా, చివర్న వచ్చేవి చిక్కగా ఉంటాయి. ఈ రెండు సీసాలూ ఒకే తల్లివి."

"ఏ తల్లివి?"

"నావే. నా సీసా నిండాక ఎర్రమూతది నింపుతున్నాను."

ఆవిడ మొహం మాడిపోయింది. "మరి మా అమ్మాయి పాలు?"

"ఆగిపోయి వారమైంది. మీకు చెప్పడానికి భయపడి నా దగ్గర కూర్చుని ఏడ్చింది. తన బిడ్డ తాగేది కూడా మా వంశం నీళ్ళే."

ఆవిడ సీసాలు అక్కడే పెట్టేసి విసురుగా కూతురి గదివైపు నడిచారు. నేను ముందే వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"అనేదేదో నన్నే అనండి, నాకు అలవాటే. తనని ఒక్క మాటన్నా ఊరుకోను."